‘కంపెనీల నష్టపరిహారం’ అంటే ఎవరికి?

సందేహం: వాతావరణ మార్పు వల్ల కలిగే నష్టాలకు శిలాజ ఇంధన కంపెనీల చేత సొమ్ము కట్టించాలని పెదజాలరిపేటలో సభ పెట్టుకొని, ‘శిలాజ ఇంధన కంపెనీల నష్టపరిహారం’ అని బ్యానరు రాయించాము. ‘నష్టపరిహారం’ తప్పు, ‘జరిమానా’ అనాలని ఒక పెద్దాయన అన్నారు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ బ్యానరులో దోషం మాటది కాదు, విభక్తిది. ‘రైతుల నష్టపరిహారం’, ‘నిర్వాసితుల నష్టపరిహారం’ అన్నప్పుడు అది వారికి అందవలసిన సొమ్మని మనం అర్థం చేసుకుంటాము కదా, ఆ అలవాటు చొప్పున మీ వాక్యం చదివినవారికి నష్టపోయినవి కంపెనీలేనని తోస్తుంది. ‘కంపెనీల నుంచి’ అంటే ఆ చిక్కు తీరిపోతుంది.

ఇక జరిమానా సంగతి. ఇది పారసీ నుంచి వచ్చిన మాట; ‘జుర్మ్’ అంటే నేరం. నేరానికి శిక్షగా కట్టేది జరిమానా, అది నష్టపోయినవాడి చేతికి చేరాలన్న నియమమేమీ లేదు. (పల్లెల్లో పెద్దలు ‘తప్పు’ వేసేవారు, దోషి ‘తప్పు’ కట్టేవాడు, చేసిన పనికీ కట్టిన సొమ్ముకూ ఒకటే పేరు.) అమెరికాలో వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రాలు 2024లో చేసిన చట్టాలు చూస్తే పెద్దాయన మాట ఎందుకు పొసగదో తెలుస్తుంది. వంద కోట్ల టన్నులకు పైబడిన ఉద్గారాలకు కారణమైన కంపెనీల నుంచి, ఎవరి ఉద్గారాలు ఎంతో లెక్కగట్టి, ఆ దామాషాలో సొమ్ము రాబట్టాలని ఆ చట్టాలు చెబుతున్నాయి. న్యూయార్క్ లక్ష్యం 25 ఏళ్లలో 7,500 కోట్ల డాలర్లు. ఇందులో నేరం రుజువు చేయవలసిన పని లేదు కనుక అది జరిమానా కాదు. ముందుముందు వచ్చే వరదలకు, వడగాడ్పులకు తట్టుకొనే కట్టడాలకు కూడా వాడే సొమ్ము కనుక అచ్చంగా నష్టపరిహారమూ కాదు. ‘ఖర్చులో వాటా వసూలు’ అనడం నాకు సబబుగా తోస్తున్నది. ఈ చట్టాల మీద వ్యాజ్యాలు నడుస్తున్నాయి, అది వేరే సంగతి.

మరొక పొరపాటు పత్రికల్లో తరచు కనిపిస్తుంది. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు, వాతావరణ మార్పు వల్ల నష్టపోయే పేద దేశాలను ఆదుకోవడానికి అంగీకరించిన ‘నష్టం–హాని నిధి’ని ‘నష్టపరిహార నిధి’ అని రాసేస్తుంటారు. పారిస్ ఒప్పందాన్ని ఆమోదించిన 2015 నాటి తీర్మానం, ఒప్పందంలోని నష్టం–హాని అధికరణం బాధ్యతకు గాని పరిహారానికి గాని ఆధారం కాబోదని స్పష్టంగా చెప్పింది. సంపన్న దేశాలు పట్టుబట్టి తప్పించుకున్న మాటనే మనం అనువాదంలో వారి నోట పెట్టినట్లవుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ ఊరి మీద విరుచుకుపడ్డాక ప్రభుత్వం ఇచ్చిన సొమ్మును కూడా మనం ‘పరిహారం’ అనే అన్నాము. తుపాను తెచ్చింది ప్రభుత్వం కాదు కనుక అది నిజానికి సాయం. పరిహారమంటే తొలగించడం, పోగొట్టడం. దోష పరిహారం దోషం ఉన్నవాడే చేసుకుంటాడు గాని పొరుగువాడు చేయడు. ఆ లెక్కన మీ బ్యానరులోని మాట కంపెనీల విషయంలోనే ఎక్కువ అతుకుతుంది. అయితే స్థలం చాలలేదని ‘ఇంధన’ తీసేసి ‘శిలాజ కంపెనీలు’ అని మాత్రం రాయించకండి, ఆ కంపెనీలే రాళ్లలో దొరికాయన్న అర్థం వస్తుంది.