అద్దె ఇల్లయినా సొంత ఇల్లయినా, ఆసుపత్రి బిల్లుకు ముందే సిద్ధపడాలి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు. ఇది తమ్ముడికి కూడా చదివి వినిపించు.

అద్దె ఇంట్లో ఉన్నామని నీకు దిగులు, ఇల్లుండీ చేతిలో డబ్బాడక వాడికి దిగులు. నిజానికి వాడికే ఇబ్బంది ఎక్కువ. మంచాన పడ్డ నెలలోనూ ఈఎంఐ ఆగదు. ఇంటి అప్పు మీద అదనంగా ఇచ్చే టాప్‌అప్ లోన్‌కు పెట్టినా బ్యాంకు కాగితాలన్నీ చూసి డబ్బు వేసేసరికి రోజులు గడుస్తాయి. నీ ఇంటి అడ్వాన్సూ ఖాళీ చేస్తేగానీ చేతికి రాదు, దాన్ని లెక్కలో వేసుకోకు. నువ్వు మూడు నెలల అద్దె, వాడు మూడు నెలల ఈఎంఐ విడి ఖాతాలో ఉంచండి. క్యాష్‌లెస్, అంటే బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే సదుపాయం, ఉన్నా చాలాచోట్ల చేరేటప్పుడు డిపాజిట్ అడుగుతారు.

ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంతంగా 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ), దానిమీద 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్‌అప్ (ఏడాది ఖర్చు ఆ 5 లక్షలు దాటాక మిగతాది ఇచ్చే పాలసీ) తీసుకోండి. ఒకే పెద్ద పాలసీకన్నా సాధారణంగా చవక. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

కొనేముందు రూమ్ రెంట్ పరిమితి, అంటే గది అద్దెకు రోజుకు ఎంతవరకు ఇస్తారో చూడాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. పరిమితి బీమా మొత్తంలో 1 శాతమంటే 5 లక్షలకు రోజుకు 5,000. నువ్వు 10,000 గదిలో చేరితే, గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లోనూ సగమే ఇస్తారు. మందులకు, పరీక్షలకు, ఇంప్లాంట్లకు ఈ కోత ఉండకూడదు, కోస్తే నిలదీయండి. గది పరిమితి లేని పాలసీకి కాస్త ఎక్కువైనా కట్టండి.

బీపీ, షుగర్ దాచొద్దు. చెబితే వాటి వైద్యానికి బీమా వర్తించడానికి గరిష్ఠంగా 3 ఏళ్లు ఆగాలి, అంతే. దాచితే సరిగ్గా అవసరమైనప్పుడు క్లెయిమ్ తిరస్కరిస్తారు.

అమ్మానాన్నలకు 70 నిండాయా? ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు (కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు) చేయించండి. ఆదాయం ఎంతని అడగరు, ఇల్లుందా అని అడగరు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అందుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీకి అర్హులైతే 10 లక్షల దాకా వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఈ పథకాలకు సాయపడే ఆరోగ్యమిత్రను వైద్యం మొదలుకాకముందే కలవాలి. డబ్బు కట్టేశాక రాబట్టుకోవడం చాలా కష్టం.

డిశ్చార్జి రోజున మొత్తం ఒకే అంకె చూపిస్తే ఒప్పుకోకుండా వివరాల బిల్లు అడగండి. వాడకుండా తిరిగిచ్చిన మందులు తీసేశారా, ఒకే పరీక్ష రెండుసార్లు రాశారా చూడండి. ఆసుపత్రి తుది బిల్లు పంపిన 3 గంటల్లోగా బీమా కంపెనీ జవాబివ్వాలి. ఆలస్యంవల్ల పెరిగే ఆసుపత్రి ఖర్చు కంపెనీదే. ఇంటికొచ్చాక కొన్న మందుల బిల్లులూ పారేయొద్దు. చాలా పాలసీల్లో డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు కూడా వస్తుంది, గడువులోగా ప్రిస్క్రిప్షన్లతో కలిపి పంపండి.