ఫోన్‌లో చర్మ వైద్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అత్తమ్మకు కాళ్ల మీద ఎర్రటి దద్దులు లేచినయి. హైదరాబాద్‌లోని డాక్టరమ్మకు వాట్సాప్‌లో ఫోటోలు పెడితే "సరిగా కనబడతలేదు, మళ్లీ పంపండి" అంటున్నది. ఫోటో ఎట్ల తియ్యాలె? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందు ఫ్లాష్ ఆపేయండి. ఫ్లాష్ వెలుగుకు చర్మం తెల్లగా మెరిసి ఎరుపు, పొట్టు రెండూ కనబడకుండా పోతాయి. ట్యూబ్‌లైటు కింద రంగే మారిపోతుంది. పట్టపగలు వాకిట్లో, ఎండ నేరుగా పడని నీడపట్టున కూర్చోబెట్టి తీయండి. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరానే వాడండి. అద్దాన్ని మెత్తటి బట్టతో తుడవండి, బ్యూటీ మోడ్ ఉంటే తీసేయండి. కాలి కింద ఒకే రంగు బట్ట పరవండి. పూల చీరో గీతల చాపో ఉంటే ఫోకస్ దాని మీదికే పోతుంది.

ఒక్కో చోటికి మూడు ఫోటోలు కావాలి. మొదటిది రెండు కాళ్లూ పూర్తిగా పడేలా. రెండోది అడుగు దూరం నుంచి, దద్దుల పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి. మూడోది దగ్గరి నుంచి. మామూలు ఫోన్లు నాలుగైదు అంగుళాల కంటే దగ్గరికి పోతే మసకబారుతాయి, కాబట్టి కాస్త దూరం నుంచే తీసి తర్వాత క్రాప్ చేసుకోండి. పక్క నుంచి ఏటవాలుగా ఇంకొకటి తీస్తే మచ్చ చదునుగా ఉందో ఉబ్బిందో తెలుస్తుంది. నూనె, పసుపు, పౌడరు ఏవి రాసి ఉన్నా కడిగి, తుడిచి, పావుగంట ఆగి తీయండి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది చిన్నదైపోతుంది. 'డాక్యుమెంట్' కింద పంపితే తీసినట్టే చేరుతుంది.

కాళ్ల మీద దద్దులు కాబట్టి ఇంకో పని చేయండి. గాజు గ్లాసును దద్దు మీద ఒత్తి, గాజులోంచి చూస్తూ వీడియో తీయండి. ఒత్తితే ఎరుపు పోతే అది మామూలు వాపు ఎరుపు. పోకుండా అట్లనే ఉంటే రక్తం చర్మం కిందికి కారిందన్నమాట. దానితోపాటు జ్వరం కూడా ఉంటే ఫోటోలతో పొద్దు గడపకుండా ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి.

ప్రశ్న: తొడల మధ్య తామర. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే వారంలో తగ్గుతది, మానేస్తే రెండింతలై వస్తది. ఇప్పుడు ఆన్‌లైన్ డాక్టరును అడుగుదామనుకుంటున్న. – మిర్యాలగూడ

జవాబు: అడిగే ముందు ఆ ట్యూబు వెనక చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. అది దురదను అణచిపెడుతుంది, ఫంగస్‌ను చంపదు. పైగా ఫంగస్‌కు ఎదురుతిరిగే చర్మపు శక్తిని తగ్గిస్తుంది. అందుకే మానగానే రెట్టింపై వస్తోంది. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు మీద ఏం జరుగుతోందో మీకు తెలిసిందే.

చిక్కేమిటంటే, స్టెరాయిడ్ రాసిన తామర గుండ్రటి అంచు పోగొట్టుకుని వేరే జబ్బులా కనబడుతుంది. ఫోటో చూసిన డాక్టరు కూడా పొరబడొచ్చు. కాబట్టి మచ్చ ఫోటోతోపాటు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, గోలీల షీట్లు అన్నీ ఒక చోట పేర్చి, పేర్లు చదవగలిగేలా ఫోటో పంపండి. ఎన్ని రోజుల నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, షుగర్ ఉందా అన్నది రాయండి. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ రాస్తారేమో, గుండె జబ్బు ఉన్నా, కొలెస్ట్రాల్ గోలీలు వేసుకుంటున్నా ముందే చెప్పాలి. ఆ క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ గోలీతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. డాక్టరు రాసిచ్చిన ఫంగస్ క్రీమ్‌ను మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి. చాలామంది దురద తగ్గిన రోజే ఆపేస్తారు.

మర్మాంగాల దగ్గరి ఫోటో డాక్టరుకు తప్ప ఎవరికీ వద్దు. ముఖం పడకుండా తీయండి. పంపాక గ్యాలరీలోనూ, ఫోన్ తనంతట తానే దాచుకునే ఆన్‌లైన్ బ్యాకప్‌లోనూ తుడిచేయండి. పిల్లల విషయంలో ఆ ఫోటోలు అసలే తీయకుండా నేరుగా చూపించడం మంచిది.

ప్రశ్న: పత్తి చేన్ల కలుపు తీస్తున్న. ముఖం, మెడ నల్లబడి దురద. ఎండకు అంటున్నరు. వీడియో కాల్‌లో తేలుతదా? – గద్వాల దగ్గరి ఒక రైతు

జవాబు: చాలావరకు తేలుతుంది, మీరు సరైన చోట్లు చూపిస్తే. కెమెరా ముందు కళ్లు మూసి పైరెప్పలు చూపండి. తర్వాత గడ్డం ఎత్తి దాని కింద, చెవుల వెనక. ఎండ నేరుగా తగలని ఈ చోట్లు బాగుండి మిగతా ముఖమే నల్లబడితే ఎండను అనుమానిస్తారు. ఇవి కూడా నల్లబడి, మెడ మడతల్లో, మోచేతి మడతల్లో దురద ఉంటే వయ్యారిభామ అనే కలుపు మొక్క మీద అనుమానం. దాని పుప్పొడి, ఎండుటాకు పొడి గాలిలో వచ్చి మడతల్లో చేరతాయి.

చేనుకు మందు కొట్టిన వారంలోనే మొదలైతే డబ్బా లేబుల్‌ను ఫోటో తీయండి. మందు అసలు పేరు, శాతం, రంగు త్రికోణం మూడూ కనబడాలి. ఎరుపు త్రికోణం అన్నిటికంటే ప్రమాదకరం, ఆకుపచ్చ తక్కువ.

దేనివల్ల అన్నది రూఢి చేసే ప్యాచ్ పరీక్ష మాత్రం ఫోన్‌లో కాదు. వీపు మీద పట్టీలు వేసి 48 గంటలకు తీసి చూస్తారు, తర్వాత మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అప్పటిదాకా నిండు చేతుల అంగీ వేసుకోండి, చేను నుంచి రాగానే సబ్బుతో కడుక్కోండి, చేలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి.

ప్రశ్న: ఫోటో పెడితే జబ్బు పేరు చెప్పే యాప్‌లు నమ్మొచ్చా? మాకు దగ్గర్ల చర్మం డాక్టరు లేడు. – అచ్చంపేట

జవాబు: పేరు కోసం నమ్మొద్దు. వాటికి నేర్పిన ఫోటోల్లో తెల్ల చర్మానివే ఎక్కువ. మన రంగు మీద ఎరుపు ఊదాగానో నలుపుగానో కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ఉచితం. ఫోన్ నంబరు, ఓటీపీతో నమోదై, రిపోర్టులు జతచేసి, టోకెన్ తీసుకుంటే వీడియోలో డాక్టరు మాట్లాడి చీటీ పంపుతారు. స్మార్ట్ ఫోన్ లేకుంటే పల్లె దవాఖానలో అడగండి, అక్కడి సిబ్బంది డాక్టరుతో కలుపుతారు. కొత్త గోలీ మొదలుపెట్టాక ఒళ్లంతా దద్దులు, నోట్లో పుండ్లు, చర్మం ఊడటం కనబడినా, పెదవులు వాచి ఊపిరాడకున్నా 108కి ఫోన్ చేయండి. ఆ గోలీల షీటు చేతిలో పట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: బాబు మోచేతి మీద తెల్లమచ్చ, దురద లేదు. ఫోటో చాలా? – నారాయణపేట

జవాబు: చాలదు. స్పర్శ ఉందా లేదా అన్నది ఫోటో చెప్పదు. బాబును కళ్లు మూసుకోమని, దూదిని సన్నటి పోగులా చేసి ముందు మంచి చర్మం మీద, తర్వాత మచ్చ మీద తాకించండి. తాకిన చోట వేలు పెట్టమనండి. మచ్చ మీద తాకినప్పుడు తెలియకపోతే కుష్టు అనుమానించాలి. ఆశాకు చెప్పండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందు ఉచితం, జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడతారు. స్పర్శ బాగుందని తేలినా ఒకసారి డాక్టరుకు చూపండి. ఇదే మచ్చ చెంప మీద ఉండుంటే మాత్రం ఈ దూది పరీక్షను లెక్కలోకి తీసుకోవద్దు. ముఖంలో నరాలు ఎక్కువ, జబ్బు ఉన్నా స్పర్శ తెలుస్తూనే ఉండొచ్చు.