ఆ పాపకు అవ్వ ఉంది, తమ్ముడున్నాడు

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు. నాకు 43 ఏళ్ళు. మా ఆయన డాక్యుమెంట్ రైటర్. ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. మా చర్చి విచారణలో ఆడవాళ్ళం పన్నెండు మందిమి కలిసి నాలుగేళ్ళుగా ప్రతి శనివారం ఇందుకూరుపేట వైపు వెళ్తున్నాం. అక్కడ రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే యానాదుల పిల్లలకు అన్నం, గుడ్లు పెడతాం, తలలు దువ్వుతాం, అక్షరాలు నేర్పుతాం. వాళ్ళలో తొమ్మిదేళ్ళ పాప ఒకతి ఉంది. తల్లి చనిపోయింది. తండ్రి చెన్నై వైపు పనికి పోయి ఎప్పుడో గానీ రాడు. అవ్వ దగ్గర ఉంటుంది, ఒక తమ్ముడు కూడా ఉన్నాడు. గుడ్డు ఇస్తే సగం తిని సగం కాగితంలో చుట్టుకుంటుంది. ఏడాదిగా నన్ను అమ్మా అని పిలుస్తోంది. మొన్న ఆటో ఎక్కబోతుంటే కొంగు పట్టుకుని "పోబాకమ్మా" అని ఏడ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇంటికి తెచ్చుకుని చదివిస్తానంటే మా ఆయన "నీ సేవకు ఎన్నడూ అడ్డు చెప్పలా, ఇది మాత్రం వద్దు" అంటున్నారు. మా అమ్మాయి "నీకు ఆ శనివారం పిల్లలే పిల్లలు" అని మాట్లాడటం మానేసింది. అవ్వ వద్దనలేదు. స్టాంపు కాగితం మీద రాయించుకుంటే చాలని మా బృందంలో ఒకామె చెప్పింది. దేవుడు నా చేతికిచ్చిన బిడ్డను వదిలేసుకోవాలా?
- ఒక సోదరి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ గుడ్డు దగ్గర ఆగిపోయాను. సగం తిని సగం చుట్టుకుంటుందని రాశారు గానీ ఎవరి కోసమో రాయలేదు. తమ్ముడి కోసమే అయివుంటుంది. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ బాబుకు దక్కింది ఒక్క మాట, అవ్వకు దక్కింది "వద్దనలేదు" అన్న మాట. పాపను మీరు నెల్లూరు తెచ్చుకున్నారనుకోండి. వచ్చే శనివారం ఆ సగం గుడ్డు వాడికెవరు తెచ్చిస్తారు? తల్లి పోయింది, తండ్రి దూరంగా ఉన్నాడు, ఇక మిగిలింది అక్కే. ఆ అక్కను కూడా మనమే తీసుకుపోతామా? పాపకైనా మీ ఇంట్లో మొదటి రోజు కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

మీ ప్రేమను నేను శంకించడం లేదు. నాలుగేళ్ళు ఒక్క శనివారం తప్పకుండా ఆ గట్ల మీద నడవడం మాటలు కాదు. అయితే ఏడుస్తున్న పిల్లను చూసి వచ్చిన రాత్రి తీసుకునే నిర్ణయం మన గుండె బరువు దించుకోవడానికి తీసుకున్నది అవుతుంది. పిల్లకు ఏం కావాలో తెల్లారాకే కనపడుతుంది.

ముందు ఆ స్టాంపు కాగితం మాట చెప్తాను. దాన్ని మర్చిపోండి. మీరు క్రైస్తవులు కాబట్టి 1956 నాటి హిందూ దత్తత చట్టం మీకు వర్తించదు. మీకున్న దారి 2015 బాలల న్యాయ చట్టం. అందులో కన్నవాళ్ళు, అయినవాళ్ళు ఉన్న పిల్లను నోటిమాట మీదో బాండు మీదో తెచ్చుకోవడం కుదరదు. కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని పెంచాలన్నా జిల్లా బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఉండాలి. రేపు తండ్రి వచ్చి నా బిడ్డేదని అడిగితే ఆ కాగితం మిమ్మల్నీ కాపాడదు, పాపనీ కాపాడదు. ఇక అవ్వ వద్దనకపోవడం. నాలుగేళ్ళుగా బువ్వ తెస్తున్న ఆవిడ వచ్చి అడిగితే ఆ ముసలావిడ వద్దని ఎలా అనగలదు? దాన్ని ఒప్పుకోలు అనుకోకండి.

మీరు చేస్తున్న సేవకు మూలపురుషుడు విన్సెంట్ డి పాల్ అనే ఫ్రెంచి కథోలిక గురువు. 1617లో ఫ్రాన్సులోని షాటియోఁ అనే ఊళ్ళో, ఇంటిల్లిపాదీ జబ్బుపడిన ఒక కుటుంబం గురించి ఆయన పూజలో చెప్తే, ఆడవాళ్ళంతా తిండి మూటలతో ఒక్కసారే బయల్దేరారు. ఒకే రోజు అంత తిండి వచ్చిపడితే పాడైపోతుంది, రేపటికి మళ్ళీ పస్తే అని ఆయనకు తోచింది. అందుకే ఆ స్త్రీలకు వంతులు పెట్టాడు, రోజుకొకరు. జబ్బుపడిన వాళ్ళను చూడబోయేటప్పుడు, ఇంట్లో తోడున్న వాళ్ళ దగ్గర మొదలుపెట్టి, ఒంటరివాళ్ళ దగ్గరికి ఆఖరున వెళ్ళాలని కూడా నియమంలో రాశాడు. ఆఖరున అయితే వాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చని. తర్వాత 1638లో పారిస్‌లో ఆయన వెంట నడిచిన స్త్రీలు వీధుల్లో వదిలేసిన పసికందులను చేరదీశారు. ఆ పసికందులకు ఎవరూ లేరు. మీ పాపకు అవ్వ ఉంది. ఈ తేడా మీ బృందంలో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

అవ్వ నిలబడితే పిల్లలిద్దరూ నిలబడతారు. దానికి మీరు చేయగలిగింది చాలా ఉంది. కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు, సంరక్షణ అవసరమైన పిల్లలకు, ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు స్పాన్సర్‌షిప్ ఇస్తారు. తండ్రి ఉన్నాడు కాబట్టి వీళ్ళకు వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి, దారి అంగన్‌వాడీ టీచరును అడిగినా చెప్తుంది. చిక్కల్లా కాగితాల దగ్గరే. గట్ల మీద పుట్టిన పిల్లల్లో చాలామందికి పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉండదు, అది లేక ఆధార్‌కు చిక్కు, ఆధార్ లేక బ్యాంకు ఖాతాకు చిక్కు. పుట్టి ఏడాది దాటాక నమోదంటే రెవెన్యూ అధికారి ఉత్తర్వు దాకా తిరగాలి. ఆ అవ్వ ఒక్కతీ ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగగలదు?

ఇక్కడే మీ ఆయన. ఆయన పిల్లను తేవద్దన్నారే గానీ సేవ మానమనలేదు, మీరే రాశారు. పగలంతా దరఖాస్తులు, దస్తావేజుల మధ్య ఉండే మనిషి. "పాపను తెస్తానని ఇక అడగను, వాళ్ళ కాగితాలు మీరు చూసిపెట్టండి" అని ఒక్కసారి అడిగి చూడండి. జనన ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ, తల్లి మరణ ధ్రువీకరణ, ఈ మూడూ చేతికొస్తే ఆ ఇంటికి సగం కష్టం తీరుతుంది. పాప ఆరో తరగతికి వచ్చేసరికి కస్తూర్బా బాలికా విద్యాలయంలోనో గిరిజన గురుకులంలోనో సీటు అడగడానికీ అవే కావాలి. అక్కడ చదువుతూ సెలవులకు అవ్వ దగ్గరికి, తమ్ముడి దగ్గరికి వస్తుంది.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి. తండ్రి వచ్చినప్పుడు తాగి కొడుతున్నాడనో, పాపను పనికి పంపుతున్నారనో, ఎవరైనా తప్పుగా ముట్టుకుంటున్నారనో తెలిస్తే బృందం సమావేశం దాకా ఆగొద్దు, అప్పుడే 1098కి ఫోన్ చేయండి.

ఇక మీ అమ్మాయి. ఆ పాప గుడ్డు ఎలా తింటుందో మీకు తెలుసు. మీ అమ్మాయి ఇంటర్‌లో ఏ గ్రూపో కూడా ఉత్తరంలో రాయలేదు. నొప్పించాలని అనడం లేదమ్మా. ఇంట్లో బిడ్డ కడుపు నిండే ఉంటుంది కాబట్టి మన కళ్ళు అటు పోవు. ఒంగోల్లో కౌన్సెలింగ్ చేసిన రోజుల్లో ఒక సేవకురాలి కూతురు నాతో అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది: "నాక్కూడా ఏదన్నా కష్టం వస్తే అమ్మ నా దగ్గర కూర్చుంటుందేమో ఆంటీ." మీ అమ్మాయి మాట్లాడటం మానేసిందంటే కోపమని అనుకోకండి. పిలుస్తోంది. ఆమెను బలవంతంగా గట్ల మీదికి తీసుకెళ్ళి సేవ అంటే ఇదీ అని చూపించే పని పెట్టుకోవద్దు. నెలకు ఒక శనివారం ఆమెకివ్వండి. పూజ మాట, మార్కుల మాట తేకుండా మైపాడు తీరానికి వెళ్ళి కూర్చున్నా సరే. మీ వంతు పన్నెండు మందిలో ఎవరో ఒకరు చూసుకుంటారు, వంతులున్నది అందుకే.

ఆ శనివారం రానని పాపకు ముందే చెప్పండి. "వచ్చే వారం రాను, ఆ పై వారం వస్తాను" అని అవ్వ పక్కన కూర్చుని చెప్పి, చెప్పినట్టే వెళ్ళండి. రేపొస్తా, నిన్ను మా ఇంటికి తీసుకుపోతా అన్న మాటలు ఇప్పటికే అనివుంటే, అవి నా వల్ల కాదమ్మా అని ఆ బిడ్డకు మీ నోటితోనే చెప్పాలి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి, ఆ పూట ఆటో ఆలస్యంగా ఎక్కండి. అమ్మా అని పిలిస్తే పిలవనివ్వండి, మాన్పించొద్దు. జడ వేసేది మాత్రం అవ్వ చేతనే వేయించండి, మీరు రిబ్బను అందించండి.

అవ్వతో మాట్లాడాక మళ్ళీ రాయండి. ఆ బాబుకు ఎన్నేళ్ళో, అంగన్‌వాడీకి పోతున్నాడో బడికి పోతున్నాడో కూడా ఈసారి ఉత్తరంలో రాయండి. వాడికి కూడా స్పాన్సర్‌షిప్ అడగొచ్చు.