పక్కపక్కనే ఒకే రకం షాపులు ఎందుకు?

ప్రశ్న: హైదరాబాద్ లాడ్‌బజార్‌లో వరసగా గాజుల షాపులే, పత్తర్‌గట్టీలో ముత్యాల షాపులే, సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో అంతస్తులకు అంతస్తులు కంప్యూటర్ షాపులే. పోటీ లేని చోట పెట్టుకుంటే బేరమంతా తమకే వస్తుంది కదా? మా తమ్ముడు కంప్యూటర్ షాపు పెడతానంటున్నాడు, అందుకే అడుగుతున్నా.
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బేరమంతా తనకే, నిజమే, కాకపోతే ఆ బేరమే రాదు. పెళ్లి గాజుల కోసం మీరు కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చి, ఏదో కాలనీ చివర ఉన్న ఒక్క కొట్టు కోసం వెతుక్కుంటూ పోతారా? అక్కడ రంగు కుదరకపోతే చార్జీలూ దండగ, రోజూ దండగ. లాడ్‌బజార్‌లో అయితే నాలుగడుగులేస్తే ఇంకో కొట్టు. ఏ షాపు పేరూ తెలియకపోయినా వీధి పేరు అందరికీ తెలుసు, జనం వచ్చేది ఆ పేరు చూసే.

1929లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒకటి చెప్పాడు, ఒకే వీధిలో ఒకే సరుకు అమ్మే ఇద్దరు ఎదుటివాడి గిరాకీ కోసం జరుగుతూ జరుగుతూ చివరికి పక్కపక్కనే చేరతారని. బీచ్‌లో ఐస్‌క్రీమ్ బళ్ల కథగా నెట్‌లో తిరిగేది ఇదే. కానీ ధరలు తగ్గించుకుంటూ పోటీ పడేవాళ్లకి దూరంగా ఉండటమే లాభం కావచ్చని 1979లో ఇంకో ముగ్గురు లెక్కగట్టి చూపించారు. కాబట్టి ఆ కథ ఒక్కటే పట్టుకుంటే లాడ్‌బజార్ అర్థం కాదు.

అసలు సంగతి కౌంటర్ వెనక ఉంటుంది. ఇలాంటి మార్కెట్లో మీరడిగిన పార్టు తన దగ్గర లేకపోతే షాపాయన లేదనడు. "రెండు నిమిషాలు కూర్చోండి సార్" అని కుర్రాణ్ణి పరిగెత్తిస్తాడు, వాడు పక్క షాపులోంచి పట్టుకొస్తాడు, ఈయన దానిమీద కొంత వేసుకుని అమ్ముతాడు, లెక్కలు తర్వాత చూసుకుంటారు. అంటే పోటీదారుడి సరుకే ఈయనకు గోడౌన్! విజయవాడ ఆటోనగర్‌లో అయితే లారీ లోపలికి వెళ్తే బాడీ కట్టేవాళ్లు, వెల్డింగ్, పెయింటింగ్, ఎలక్ట్రికల్ పని, అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే. పనివాడికీ మేలే, ఒక ఓనరుతో పడకపోతే పక్కవాడి దగ్గర చేరతాడు.

కిరాణా కొట్లు మాత్రం ఇలా చేరవు. ఉప్పు ప్యాకెట్ కోసం ఎవరూ నాలుగు కొట్లు తిరగరు, దగ్గరున్నదే కావాలి. ఇక మెడికల్ షాపులు ఆసుపత్రి ఎదురుగా గుమిగూడేది రోగుల కోసం, ఆ లెక్క వేరు.

మీ తమ్ముడి విషయానికొస్తే, ల్యాప్‌టాప్‌లు, విడిభాగాలు అమ్మాలనుకుంటే అద్దె, అడ్వాన్సు ఎక్కువైనా నలుగురున్న చోటే పెట్టమనండి. ఇళ్లకెళ్లి రిపేర్లు చేసే పనైతే కాలనీలో చిన్న గది చాలు, సెంటర్లో అద్దె కట్టడం శుద్ధ దండగ.