అక్కయ్య అచ్చు వేసిన పుస్తకాలు

కవిత్వం రాస్తూ, సొంత ఖర్చుతో పుస్తకాలు ప్రచురించిన మీ పెద్దమ్మగారు ఈమధ్యే కాలం చేశారనీ, ఆమె జ్ఞాపకార్థం సంస్మరణ సభ పెడితే చాలునా అనీ అడిగారు. కావలిలో మాకు అలాంటి అక్కయ్య ఒకరుండేవారు. ఆమె పోయినప్పుడు మేము చేసిన పొరపాటు చెబుతాను.

సభ పెట్టాము, పటానికి దండ వేశాము, వక్తలందరూ ఆమె కవితలను పొగిడారు. ఆమె వేసిన ఇరవైకి పైగా పుస్తకాలలో ఆమెవి రెండేననీ, తక్కినవన్నీ మరెవరూ అచ్చు వేయనివారివనీ ఒక్కరూ అనలేదు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మారుమోగిన సారా వ్యతిరేక ఉద్యమ కాలంలో, ఆడవాళ్ళు కట్టి పాడిన పాటలను ఆమె బస్సుల్లో ఊరూరా తిరిగి రాసుకొచ్చి, రెండు ఫారాల, అంటే 32 పేజీల, పుస్తకంగా తెచ్చారు. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే ట్రెడిల్ ప్రెస్సులో వేయించారు. పాడినామె ‘సచ్చిపోయా’ అన్నదాన్ని కంపోజిటరు ‘చచ్చిపోయా’ అని సవరిస్తే, అక్కయ్య ఎర్రసిరాతో మళ్ళీ ‘స’ చేసి, పక్కనే ‘ఆమె నోట ఇలాగే వచ్చింది’ అని రాసిన ప్రూఫు కాగితం నా దగ్గర ఉంది.

సభ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాము. కార్తీకమాసపు తుఫాను వానలకు ఆమె ఇంటి గోడ చెమ్మెక్కి, మంచం కింది పుస్తకాల కట్టలకు చెదలు పట్టాయి. ఆ పాటల పుస్తకం ఒక్క ప్రతి కూడా మిగల్లేదు.

కాబట్టి సభ సంగతి తర్వాత. ముందు ప్రతి పుస్తకానికీ రెండేసి ప్రతులు తీసి పొడి చోట పెట్టండి. లేనివాటి కోసం కలకత్తా జాతీయ గ్రంథాలయంలోనూ, చెన్నై కన్నెమరా గ్రంథాలయంలోనూ అడగవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు అక్కడికి ప్రతులు పంపాలి, అయితే చిన్న ప్రచురణకర్తలలో పంపనివారే ఎక్కువని నా అనుభవం. స్కాన్ చేసి అంతర్జాలంలో పెట్టదలిస్తే, ఆమె సొంత రచనల హక్కు, వీలునామా లేకపోతే, వారసులకు వస్తుంది. మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. ఆమె వేసిన ఇతరుల పుస్తకాల హక్కు మాత్రం, రాసిచ్చి ఉంటే తప్ప, ఆ రచయితలదే. ఆమె వారసులు ఒప్పుకున్నంత మాత్రాన చాలదు.

లెక్కల నోటుపుస్తకాన్ని చిత్తుకాగితాల్లో వేయకండి. ఎవరికి ఎన్ని ప్రతులు ఇచ్చారో, ఎవరు డబ్బు బాకీ ఉన్నారో అక్కయ్య అందులో రాసుకునేవారు. ‘కలిగిరి - 5 - ఉచితం’ అన్న ఒక్క పంక్తి పట్టుకుని ఆ ఊరు వెళ్తే, పాటలు పాడినవారిలో ఒక పెద్దావిడ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ పుస్తకం తీశారు. ఇవ్వమంటే ఇవ్వనన్నారు. మేమూ బలవంతపెట్టలేదు, ఆమె వసారాలోనే కూర్చుని, 32 పేజీలూ ఫోనుతో ఫొటోలు తీసుకుని వచ్చాము.