మెడికల్ అఫైర్స్‌లోకి ఏడాది కాంట్రాక్టు: పర్మనెంటు ఉద్యోగం వదులుకోవచ్చా?

ప్రశ్న: మాది రావులపాలెం. మా అమ్మాయి ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చేసి మూడేళ్లుగా రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేస్తోంది. పర్మనెంటు, చేతికి 32 వేలు, రోజూ ఇంటి నుంచే బస్సులో వెళ్లి వస్తుంది. ఇప్పుడు హైదరాబాదులో ఒక మందుల కంపెనీ మెడికల్ అఫైర్స్ (అమ్మకాలతో సంబంధం లేకుండా మందుల శాస్త్రీయ సమాచారం చూసే) విభాగంలో మెడికల్ ఇన్ఫర్మేషన్ ఉద్యోగం వచ్చింది. 12 నెలల కాంట్రాక్టు, జీతం ఏజెన్సీ ద్వారా నెలకు 60 వేలు. పంపించమంటారా?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. 60 వేలన్నది కంపెనీకయ్యే మొత్తం ఖర్చు అనుకుంటే, 15 వేల మీద పీఎఫ్ లెక్కగట్టినా రెండు వైపుల వాటా 1,800 చొప్పున 3,600 పోతుంది. వృత్తి పన్ను 200. చేతికి 56,200, ఏడాదికి 6,74,400. హైదరాబాదులో హాస్టలు, తిండి, తిరుగుడుకి నెలకు 15 వేలు వేసుకుంటే 1,80,000 ఖర్చు. కాంట్రాక్టు అయ్యాక మూడు నెలలు ఇంటి దగ్గర ఖాళీగా ఉండాల్సి వచ్చిందనుకోండి, మిగిలిన 4,94,400ను 15 నెలలకు పంచితే నెలకు దాదాపు 33 వేలు. అంటే ఇప్పటి జీతమే! డబ్బు కోసమైతే ఊరు దాటక్కర్లేదు. ఆ పని నేర్చుకోవడం కోసమైతేనే వెళ్లాలి.

మీకు తెలియనిదేముంది, కౌలుకు చేను తీసుకునేటప్పుడు మక్తా ఒక్కటే అడగరు. నిరుడు ఎవరు చేశారు, ఎందుకు వదిలేశారు, దాళ్వాకు నీరందుతుందా అని కూడా ఆరా తీస్తారు. ఈ సీటు గురించీ అలాగే అడగాలి. ఇది తాత్కాలికం ఎందుకయింది? ప్రసూతి సెలవులో ఉన్నామె స్థానమైతే ఆమె తిరిగి వస్తుంది, అక్కడే పర్మనెంటు అవుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. కొత్త మందు విడుదల కోసమైతే ఆ పని తగ్గాక సీటూ పోవచ్చు, కానీ నేర్చుకునేది మాత్రం ఎక్కువ. పని శాశ్వతమే, పర్మనెంటు పోస్టుకు అనుమతి రాలేదంటే నిలబడే అవకాశం అన్నిటికన్నా మెరుగు. "బాగా చేస్తే పర్మనెంటు చేస్తాం" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ఇంతకుముందు ఆ సీట్లో చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో అమ్మాయినే అడగమనండి.

తర్వాత అసలు పని. మెడికల్ ఇన్ఫర్మేషన్ అంటే డాక్టర్లు మందు గురించి అడిగే ప్రశ్నలకు పరిశోధన పత్రాలు వెతికి, ఆధారాలతో జవాబు రాయడం, ఎవరైనా దుష్ప్రభావం చెబితే గడువులోగా ఫార్మకోవిజిలెన్స్ (మందుల భద్రత చూసే విభాగం) వాళ్లకు పంపడం. వార్డులో మందుల చీటీలు చూసిన అనుభవం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. జవాబులు తను రాస్తుందా, లేక వేరొకరు రాసినవి సిస్టంలో ఎక్కించడమేనా? తను రాసినదాన్ని దిద్దే సీనియర్ ఉన్నారా? రెండూ అడగాలి. ఎక్కించడమే అయితే నేను వద్దనే అంటాను. ఏడాది తర్వాత చూపించుకోవడానికి ఏమీ మిగలదు. పనితీరు కొలతల్లో అమ్మకాల టార్గెట్ కనిపిస్తే అది పేరుకే మెడికల్ అఫైర్స్. ఇంకో సంగతి: మన దేశంలో మెడికల్ అడ్వైజర్ పోస్టులకు ఎక్కువగా ఎంబీబీఎస్, ఎండీలనే అడుగుతారు. ఫార్మ్‌డి వాళ్ల దారి మెడికల్ ఇన్ఫర్మేషన్, మెడికల్ రైటింగ్, ఎంఎస్‌ఎల్ (డాక్టర్లను కలిసి మందు శాస్త్రీయ వివరాలు చర్చించే మెడికల్ సైన్స్ లయజన్) మీదుగా సాగుతుంది. అది ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

12 నెలలు కాబట్టి ఆలోచించమంటున్నాను, ఆరు నెలలైతే వద్దనేవాణ్ణి. తొలి నెల, నెలన్నర ట్రైనింగు, ఎస్‌వోపీలు (పని ఎలా చేయాలో చెప్పే కంపెనీ పత్రాలు) చదవడంతోనే గడిచిపోతుంది, ఆఖర్లో పనిని వేరొకరికి అప్పగించడం. మధ్యలో మిగిలేది కొంచెమే.

కాగితాల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అనుభవ పత్రం ఏజెన్సీ పేరుతో వస్తుంది, అందులో ఏ కంపెనీలో ఏం చేసిందో ఉండదు. తర్వాతి కంపెనీ వాకబు చేస్తే ఏజెన్సీలో చెప్పగలిగేవాళ్లుండరు. అందుకే నియామక పత్రంలోనే కంపెనీ పేరు, పని వివరం రాయించుకోవాలి. ఏ నెలలో ఎన్ని ప్రశ్నలకు జవాబు రాసింది, ఏ జబ్బులకు సంబంధించినవి అన్నది అమ్మాయి తన నోటుబుక్కులో రాసుకోవాలి. కంపెనీ ఫైళ్లు మాత్రం ఇంటికి తెచ్చుకోకూడదు, అది గోప్యత ఒప్పందం ఉల్లంఘన. నోటీసు వాళ్లకు 15 రోజులు, తనకు 60 రోజులని ఉంటే సమానం చేయమనాలి. కంపెనీ నేరుగా ఉద్యోగమిస్తే ఏజెన్సీ అడ్డుపడే షరతుందేమో చూడాలి. జీతం కాకుండా కన్సల్టెంటు ఫీజు అని రాసుంటే నెలనెలా 10 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్ను వేశాక గానీ తిరిగి రాదు; పీఎఫ్ కూడా ఉండదు. ఏజెన్సీ ఎక్కడైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

ఈ జవాబులు సరిగా ఉంటే పంపించండి. మూడేళ్ల ఆసుపత్రి అనుభవం ఎక్కడికీ పోదు, వెనక్కి రావాల్సి వచ్చినా క్లినికల్ ఫార్మసిస్టుగా మళ్లీ చేరవచ్చు. చేరే తేదీతో, సంతకంతో నియామక పత్రం చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వాలి, రిలీవింగ్ లెటర్ తీసుకున్నాకే రాజమండ్రి వదలాలి. పాత పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వాలి. మొదటి జీతాల నుంచే మూడు నెలల ఖర్చు, 45 వేలు, పక్కన పెట్టాలి. ఎనిమిదో నెల రాగానే పొడిగింపు ఉందా లేదా అని రాతపూర్వకంగా అడిగి, జవాబు కోసం ఎదురుచూడకుండా బయట దరఖాస్తులు మొదలుపెట్టాలి.