యోరుబా వస్తే బర్మీస్ సులువవుతుందా?

"యోరుబా, బర్మీస్ రెండూ టోన్ల (పలికే ఎత్తు, తీరు మారితే మాట అర్థమే మారిపోయే) భాషలే అంటారు కదా. ఒకటి నేర్చుకుంటే రెండోది తేలికవుతుందా? మన తెలుగువాళ్లకి ఏది సులువు?" అని అడిగారు.

మందుల ఎగుమతి ఉద్యోగం పుణ్యమా అని మొదట నైజీరియాలోని లేగోస్‌లో, తర్వాత మయన్మార్ (బర్మా)లోని యాంగాన్‌లో ఉన్నాను. రెండింట్లోనూ పండితుణ్నేమీ కాదు. బజార్లో బేరమాడి, పక్కింటివాళ్లతో కబుర్లు చెప్పేంత వచ్చు. నా అనుభవంలో యోరుబా బర్మీస్‌కి సాయపడింది చాలా తక్కువ. తెలుగు మాత్రం రెండింటికీ పనికొచ్చింది, ఒక్కోదానికి ఒక్కో చోట.

అసలు ఈ రెంటికీ చుట్టరికమే లేదు. యోరుబా నైజర్-కాంగో కుటుంబానిది. నైజీరియా నైరుతి రాష్ట్రాల్లోనూ, పక్కనే బెనిన్, టోగోల్లోనూ మాట్లాడతారు. బర్మీస్ సైనో-టిబెటన్ కుటుంబానిది. 'టోన్' అన్న మాట ఒకటే గానీ లోపల సరుకు వేరు.

యోరుబాలో మూడు టోన్లు: పైది, మధ్యది, కిందిది. అక్కడ పిల్లలకి 'దో రే మీ' అని పాడించి నేర్పుతారు. 'ఒకొ' అనే మాట తీసుకోండి. రెండు అక్షరాలూ మధ్య స్థాయిలో పలికితే భర్త. రెండోది పైకి లేపితే పార, కిందికి దించితే బండి. రెండూ కిందే ఉంచితే బల్లెం. లేగోస్‌లో పసుపు రంగు డాన్‌ఫో వ్యాన్ల దగ్గర నిలబడి 'ఒకొ ఎప్పుడొస్తుంది' అని అడగాలంటే ఎవరికైనా కాస్త టెన్షనే! నిజానికి అంత భయం అక్కర్లేదు, సందర్భాన్ని బట్టి వాళ్లకి అర్థమైపోతుంది. కండక్టర్ 'ఓవో దా?' (డబ్బులేవీ?) అని అరిచినప్పుడు ఏ అక్షరం ఎంత ఎత్తులో ఉందో ఎవరూ కొలవరు. పుస్తకాల్లో టోన్ గుర్తులు పెడతారు గానీ, వాట్సాప్‌లో చాలామంది వదిలేస్తారు. కొత్తవాళ్లకి అసలు చిక్కు అక్కడే.

ఈ టోన్లు కేవలం స్థాయికి సంబంధించినవి కాబట్టే అక్కడ డోలు మాట్లాడుతుంది. దాన్ని 'దుందున్' అంటారు. చంకలో ఇరికించుకుని పక్కనున్న తాళ్లను నొక్కుతూ వాయిస్తే నాదం పైకీ కిందికీ పోతుంది. పెళ్లిలో వాయించేవాడు వచ్చిన పెద్దమనిషి పేరూ, వంశం పొగడ్తలూ డోలుతోనే పలికిస్తాడు. ఆయన జేబులోంచి నోట్లు తీస్తాడు. ఇది కళ్లారా చూస్తే గానీ నమ్మలేం.

బర్మీస్‌లో కథ వేరు. అక్కడ స్థాయి ఒక్కటే సరిపోదు, గొంతు ఎలా పెట్టామన్నదీ లెక్కే. 'ఖా' అని కిందగా, నిదానంగా అంటే ఊపడం. పైకెత్తి సాగదీస్తే చేదు. గొంతు బిగబట్టి పొట్టిగా అంటే సేవ చేయడం. చివర టక్కున ఆపేస్తే కొట్టడం. ఈ బిగబట్టేది మాత్రం నాకు యోరుబా నేర్పలేదు, తెలుగూ నేర్పలేదు. టీచర్ ముందు కూర్చుని గొంతు నొప్పెట్టేదాకా పలికితేనే వచ్చింది.

ఇక వాక్యం దగ్గరికి వస్తే బర్మీస్ మనింటి పిల్లే. టీకొట్టులో కుర్రాణ్ని 'ఞీలే' (తమ్ముడూ) అని పిలిచి 'యే యూ లా బా' అంటాం. యే అంటే నీళ్లు, యూ అంటే తీసుకొను, లా అంటే రా, చివరి బా మర్యాదకి. నీళ్లు-తీసుకు-రా-అండి! ఒక్క ముక్క కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. క్రియ చివరే, విభక్తి లాంటి ముక్కలు నామవాచకం వెనకే. నేను మనసులో తెలుగు వాక్యం అనుకుని మాటలు మార్చుకుంటూ పోయేవాణ్ని, చాలావరకు నడిచిపోయేది.

అదే యోరుబాలో 'మూ ఒమి వా'. మూ అంటే తీసుకొను, ఒమి నీళ్లు, వా రా. తీసుకొను, రా అని రెండు క్రియలు కలిపి చెప్పడం మనలాగే ఉంది గానీ, నీళ్లొచ్చి మధ్యలో కూర్చున్నాయి. అయితే మాట్లాడేటప్పుడు వాళ్లు 'మొమి వా' అంటారు. మూ, ఒమి కలిసి మొమి. చిన్నప్పుడు సంధులు బట్టీపట్టినవాళ్లకి ఇది చెప్పాల్సిన పనే లేదు, పూర్వపదం చివరి అచ్చు ఎగిరిపోయింది. పైగా యోరుబా కూడా మనలాగే అజంత భాష. డాక్టర్‌ని 'డోకీటా', బ్రెడ్డుని 'బురెడి' అంటారు. చెవికి పరాయిగా అనిపించదు. నోటికి కష్టమైంది ఒక్క 'గ్బ' మాత్రమే. గ తర్వాత బ కాదు, రెండూ ఒకేసారి పలకాలి.

మర్యాదల్లో యోరుబావాళ్లు మనకి మరీ దగ్గర. చిన్నవాళ్లని 'ఒ', పెద్దవాళ్లని 'ఎ' అంటారు. అచ్చం మన నువ్వు, మీరు. పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు కూడా వారు అన్నట్టే బహువచనం. పద్ధతిగల ఇళ్లల్లో మగపిల్లలు సాష్టాంగపడతారు, ఆడపిల్లలు మోకరిల్లుతారు. బర్మీస్‌లో మర్యాద మాట్లాడేవాళ్లని బట్టి మారుతుంది. మన 'అండి'లా మగవాళ్లు 'ఖమ్యా' అంటే ఆడవాళ్లు 'షిన్' అంటారు. 'నేను' కూడా ఇద్దరికీ వేరు. లేడీ టీచర్ దగ్గర నేర్చుకునే మగవాళ్లు ఈ విషయం మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

లెక్కలు రెండుచోట్లా తిప్పలే. యోరుబాలో యాభై అంటే మూడిరవైలకు పది తక్కువ. నలభై అయిదు అంటే ఆ యాభైకి అయిదు తక్కువ. అందుకే లేగోస్ బజార్లో ఇంగ్లీషు అంకెలు ఎక్కువ వినిపిస్తాయి. బర్మీస్‌లో దేన్ని లెక్కపెడుతున్నామో దాన్ని బట్టి ఓ ముక్క తగిలించాలి: మనుషులకి 'యౌ', జంతువులకి 'కౌన్', కప్పులకి 'ఖ్వె', బౌద్ధ భిక్షువులకైతే 'పా'. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు అనేవాళ్లం కాబట్టి ఆ ఆలోచన మనకి కొత్త కాదు. వాళ్లు దాన్ని చాలా దూరం తీసుకెళ్లారంతే.

లిపి విషయంలో యోరుబాది రోమన్ లిపి, కొన్ని అక్షరాల కింద చుక్కలు పెడతారు. ఒక్క వారం చాలు. బర్మీస్ లిపి బ్రాహ్మీ సంతానం. మనలాగే గుండ్రటి అక్షరాలు, వరసా అదే: క ఖ గ ఘ ఙ. పిల్లలు అలాగే వల్లిస్తారు. కానీ రాసేదొకటి, పలికేదొకటి. ర అని రాసి య అంటారు, రంగూన్ యాంగాన్ అయింది ఇందుకే. స అని రాసి నాలుక పళ్లమధ్య పెట్టి థ అంటారు. పాళీ 'రథ' అక్కడ 'యథా' అయింది, రైలు 'మీ యథా', అంటే నిప్పురథం. విశ్వవిద్యాలయాన్ని 'తెక్కథో' అంటారు, అది మన తక్షశిలే. ఇలాంటివి పట్టుకోవడం నాకు మహా సరదా.

దీనికి తోడు పత్రికల్లో, బోర్డుల మీద గ్రాంథికం, నోట్లో వ్యావహారికం. అక్కడో గిడుగు పుట్టి ఉంటే బాగుండేది. ఇంకో చిక్కు, 2019 అక్టోబరు 1న ప్రభుత్వం యూనికోడ్‌కి మారేదాకా చాలా ఫోన్లలో 'జోజీ' ఫాంటే ఉండేది. పాత పోస్టులు ఇప్పుడు తెరిస్తే, అను ఫాంట్లలో టైపు చేసింది మనకి కనిపించినట్టే గజిబిజిగా కనిపిస్తాయి.

ఏది సులువంటే, పలకడానికి యోరుబా, వాక్యం కట్టడానికి బర్మీస్. చదవడానికైతే యోరుబాయే, అనుమానం లేదు. కానీ లేగోస్‌లో ఇంగ్లీషు, పిడ్జిన్ (అక్కడి కలగలుపు ఇంగ్లీషు)లతో రోజులు గడిచిపోతాయి, యోరుబా రాకపోయినా పని ఆగదు. అందుకే అక్కడ ఏళ్ల తరబడి ఉండి కూడా 'ఎ కారో' (శుభోదయం) దాటని మనవాళ్లు బోలెడుమంది. యాంగాన్ వీధుల్లో ఇంగ్లీషు అంతగా నడవదు. ఆకలేస్తే బర్మీస్ మాట్లాడాల్సిందే. నాకు బర్మీస్ తొందరగా వచ్చింది ఆ అవసరం వల్లే.